సాహస కథలు – పఠనానందము

గ్రంథాలయ చరిత్ర వ్రాయువారు సామాన్యముగా భవనము ఎన్నడు కట్టిరో, శంకుస్థాపన ఎవరు చేసిరో, ఎన్ని గ్రంథములు చేరినవో చెప్పి ఊరకుందురు. ఏ పుస్తకము చిరిగిపోయినదో చెప్పరు. అట్ట ఊడి, మూలలు నలిగి, రెండు మూడు మారులు బైండు చేయించిన పుస్తకము గ్రంథాలయమును గూర్చి చెప్పునంత నిజము వార్షిక నివేదిక చెప్పజాలదు. అట్టి పుస్తకములను ఒకచోట పేర్చి చూచినచో అవి ప్రబంధములును కావు, వేదాంత గ్రంథములును కావు. దొంగలు, దీవులు, గుహలు, మాంత్రికులు, అపరాధ పరిశోధకులు గల కథలవి. వానిలో పెక్కు పన్నెండేండ్లు మొదలు పదునెనిమిదేండ్ల వరకు గల పిల్లలనుద్దేశించి వ్రాసినవి. ఈ రజతోత్సవ సంచికలో మహాగ్రంథములను గూర్చి వ్రాయుటకు నాకంటె తగినవారు కలరు. నేను ఈ చిన్న పుస్తకముల చరిత్రను చెప్పుదును. చదువునందలి రుచిని నడి వయస్సులో పోగొట్టుకొనిన పెద్దలకు దానిని మరల తెచ్చి యిచ్చినవి తరచుగా ఇవియే యని నా నమ్మకము.

ఇందుకు మిక్కిలి ప్రసిద్ధమైన నిదర్శనము ఆంగ్ల వాఙ్మయమున నున్నది. 1881వ సంవత్సరపు వేసవిలో రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ అను రచయిత స్కాట్లండు కొండలలోని బ్రేమార్ అను గ్రామమున కుటుంబముతో బసచేసి యుండెను. ఆయన ఊపిరితిత్తుల వ్యాధితో తీసికొనుచున్నవాడు. బయట వాన విడువకున్నది. ఆయన భార్యకు మొదటి వివాహమున కలిగిన లాయిడ్ అను పదమూడేండ్ల కుర్రవాడు రంగులతో బొమ్మలు వేయుచుండగా, ఆయనయు ప్రక్కన కూర్చుండి ఊహలోని దీవి నొకదానిని పటముగా గీసెను. పటము పూర్తియగునప్పటికి అందలి చెట్ల చాటునుండి మనుష్యులు కత్తులతో తొంగిచూచుచున్నట్లు ఆయనకు తోచినదట. అంతట కథ పుట్టినది. దినమునకొక అధ్యాయము వ్రాయుటయు, ఇంటిల్లిపాదికి చదివి వినిపించుటయు ఆరంభమయ్యెను.

కథ కుర్రవాని కొరకు పుట్టినదే. కాని అందులో చిక్కుకొన్నవాడు కుర్రవాడొక్కడే కాదు. స్టీవెన్సన్ తండ్రి థామస్ సముద్రతీరమున ఓడలకు దారిచూపు దీపస్తంభములను కట్టిన ఇంజనీరు. అప్పటికి అరువది దాటినవాడు. నియమనిష్ఠలు గల గంభీరుడు. కొడుకు తన వృత్తిని విడిచి కలము పట్టుట ఆయనకు కష్టము కలిగించిన విషయము. అట్టి పెద్దమనిషి ఈ కథ వినుచు పసివాడయ్యెను. చచ్చిన నావికుని పెట్టెలో ఏయే వస్తువులుండవలెనో ఒక పూట కూర్చుండి, పాత కవరు వెనుక జాబితా వ్రాసి కొడుకునకిచ్చెను. కథలోని దొంగల ఓడకు పేరు పెట్టినవాడును ఆయనయే. తండ్రికొడుకుల మధ్య ఎన్నో యేండ్లుగా నున్న ఎడము ఒక పిల్లల కథ యెదుట కొంత తగ్గినదనుకొనుటలో తప్పులేదు.

పదునైదు అధ్యాయములైన పిమ్మట రచయిత కలము ఆగిపోయెను. మిగిలిన భాగమును ఆ శీతకాలమున స్విట్జర్లండులోని దావోస్ అను ఊర పూర్తిచేసెను. ఒక బాలుర వారపత్రికలో 1881 అక్టోబరు మొదలు 1882 జనవరి వరకు మారుపేరుతో అది వెలువడినపుడు అంతగా ఎవరును పట్టించుకొనలేదు. 1883లో ‘ట్రెజర్ ఐలండ్’ అను పేర పుస్తకమైన తరువాత పెద్దలు దానిపై ఎగబడిరి. ప్రధానమంత్రి గ్లాడ్‌స్టన్ రాత్రి రెండు గంటల వరకు మేల్కొని దానిని చదివెనని చెప్పుకొందురు. రాజ్యభారము వహించినవానిని గూర్చి లోకము ఇట్టి మాట చెప్పుకొనుటయే ఆ పుస్తకమునకు తగిన ప్రశంస.

ఆంగ్లేయులకు దీవి కావలసివచ్చినది. మనకు కాశీ దారి చాలినది. రాజమహేంద్రవరపు మధిర సుబ్బన్న దీక్షితులుగారి ‘కాశీమజిలీ కథలు’ పన్నెండు భాగముల గ్రంథము. మణిసిద్ధుడను యతి కాశికి పోవుచు తోడు వెదకును. గోపుడను పశులకాపరి పిల్లవాడు వచ్చుటకు ఒప్పుకొనును గాని ఊరక ఒప్పుకొనడు. ప్రతి మజిలీయందును తాను చూచిన వింతను గూర్చి అడుగుదుననియు, దానికి కథ చెప్పకున్నచో వెనుకకు మరలుదుననియు షరతు పెట్టును. కథా నిర్మాణమున ఇంతకంటె చక్కని ఉపాయమేమి కావలెను? పిల్లవాడు అడుగును, పెద్ద చెప్పును, దారి సాగును. కథ నిలిచిన చోట ప్రయాణమును నిలుచును. కావ్యభాషకు బెదరువారు సైతము ఈ గ్రంథపు వచనమును ఒక భాగము తరువాత మరియొక భాగముగా చదువుకొని పోయిరి. చదువురాని వారు చదివించుకొని వినిరి. గ్రాంథికము సామాన్యులకు అర్థము కాదను వాదమునకు ఈ పుస్తకమొక చిక్కు ప్రశ్న. కథ లాగుచున్నపుడు చదువరి భాషను తానే దాటుకొని పోవునని నేను దానికి సమాధానము చెప్పుకొందును.

మొదటి తెలుగు నవలలలో ఒకటిగా ఎన్నబడు వీరేశలింగముగారి ‘రాజశేఖర చరిత్ర’ మనకు కూతవేటు దూరమని చెప్పదగిన ధవళేశ్వరమున ఆరంభమగును. 1878లో ‘వివేకవర్ధని’ పత్రికయందు వెలువడనారంభించి, 1880లో పుస్తకమైనది. దానిని సంఘసంస్కరణ గ్రంథముగా పాఠశాలలలో బోధింతుము. అది సత్యమే. కాని కాశీయాత్రకు బయలుదేరిన కుటుంబము, అడవిలో దొంగలు, చనిపోయినదనుకొన్న కూతురు, మారువేషము – ఇవన్నియు అందులో గలవు. పంతులుగారు తమ సంస్కరణను సాహస కథ యను పడవపైననే ఒడ్డు చేర్చిరి.

ఇక గ్రంథాలయోద్యమమునకు వత్తము. 1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో జరిగిన ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మహాసభకు అధ్యక్షుడు మన గోదావరి మండలమువాడే, చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు. చింతామణి పత్రికవారి నవలల పోటీలలో బహుమతులందిన నవలాకారుడాయన. ఆ సభకు ప్రాణము పోసిన అయ్యంకి వెంకటరమణయ్యగారు తమ యావజ్జీవమును గ్రంథాలయములకే ధారపోసిరి. 1930లలో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువలపై పడవలో పుస్తకములనుంచి ఊరూరికి త్రిప్పిరి. రాత్రి పాఠశాలలు, పత్రికా పఠనము, పురాణ కాలక్షేపము గ్రంథాలయపు పనులలో చేరినవి. ఆ పెద్దల ఆశయము జాతిని మేల్కొల్పుట. అందుచేత జీవితచరిత్రలు, దేశచరిత్రలు, శాస్త్ర గ్రంథములు, పురాణములు బీరువాలకెక్కినవి. ఆ కాలమునకు అది సముచితమే.

అయితే అదే కాలమున బీరువా బయట మరియొక గ్రంథాలయము పెరుగుచుండెను. వంగభాషనుండి అపరాధ పరిశోధక నవలలు అనువాదములై వచ్చినవి. రాజమహేంద్రవరపు ముద్రాపకులు చవుకవెల కథల పుస్తకములను సంతలకు పంపిరి. 1930ల నడుమనుండి కొవ్వలి లక్ష్మీనరసింహరావుగారి నవలలు రైలు స్టేషన్లలో అమ్ముడుపోయినవి. మన ప్రాంతమువారు రైలెక్కుటకు ద్వారపూడికి పోవలెను గదా, చేతిలో నొక కొవ్వలి నవల లేక ప్రయాణము సాగదనువారు ఒకప్పుడుండిరి. ఆయన వేయి నవలలు వ్రాసెనని ప్రసిద్ధి. పండితులు వానిని రైలు నవలలని ఈసడించిరి. కాని అక్షరములు కూడబలుకు స్థితిలోనున్న గృహిణులెందరో కొవ్వలివారి నవలలతోనే ధారాళముగా చదువ నేర్చిరని, మెచ్చనివారు సైతము అంగీకరింతురు. ఒక రాత్రి పాఠశాల చేయు పనిని ఒక నవల చేసినదన్నమాట.

1948వ సంవత్సరపు మద్రాసు పౌరగ్రంథాలయ చట్టముతో గ్రంథాలయ పన్నును, జిల్లాకొక గ్రంథాలయ సంస్థయు ఏర్పడినవి. శాఖలు పెరిగినవి. ఆ వెనుకనే వీథి చివర అద్దె పుస్తకముల దుకాణములును పెరిగినవి! కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధరు, అతని సహాయకుడు రాజు, ఈ దుకాణములకు మహారాజ పోషకులు. గ్రంథాలయమున ఉచితముగా చదువుకొన వీలుండగా, డబ్బిచ్చి దుకాణమున చదువుటయేమని పలువురు పెద్దలు విసుగుకొనిరి. కుర్రవానిని అడిగినచో సమాధానము దొరకెడిది. తనకు కావలసినది అక్కడ నున్నది, ఇక్కడ లేదు. అపరాధ పరిశోధక నవలలన్నియు మంచివని నేననను. వానిలో రక్తపాతమే గాని కథలేనివి, ఒకదానిని చూచి ఒకటి వ్రాసినవి మెండు. అయినను చెడ్డవానిని వేరుచేయుటకు మంచివానిని చదివి చూడవలెను. తలుపు బయటనే అన్నిటిని ఆపివేసినవారికి ఆ విచక్షణ చేయు నవకాశము లేకపోయినది.

ఈ చరిత్రయందు సువర్ణాధ్యాయమనదగినది ‘చందమామ’. బి. నాగిరెడ్డి, చక్రపాణిగారలు 1947 జూలైలో దానిని ఆరంభించిరి. 1952లో అందు పనికి చేరిన దాసరి సుబ్రహ్మణ్యముగారు 1954లో ‘తోకచుక్క’ అను ధారావాహికతో మొదలిడి, 1980 ప్రాంతము వరకు పన్నెండు సాహస గాథలను వ్రాసిరి. మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపము, రాకాసిలోయ, పాతాళదుర్గము, శిథిలాలయము, రాతిరథము, యక్షపర్వతము, మాయాసరోవరము, భల్లూక మాంత్రికుడు – ఈ పేళ్లు వినగానే అరువది దాటిన పాఠకుల ముఖములు వెలుగుట మీరును చూచియేయుందురు. ఆ కథలకు చిత్రగారు గీసిన బొమ్మలలోని కొండచరియలు, మొసళ్లు, ఒంటికన్ను భూతములు కథతోపాటు మనస్సున నాటుకొన్నవి.

వింత యేమనగా, ఆ కథల క్రింద రచయిత పేరు ముద్రింపబడలేదు. లక్షల ఇండ్లలో చదివిన కథలను వ్రాసినదెవరో చదివినవారికి తెలియదు. ఆయన మంత్రతంత్రములను నమ్మినవాడును కాడు, హేతువాద భావములు గలవాడు. మాంత్రికులను సృష్టించి, వారిని మామూలు మనుష్యుల తెగువచేతను యుక్తిచేతను ఓడించుటయే ఆయన పద్ధతి. యక్షపర్వతమున ఖడ్గవర్మ, జీవదత్తులు. శిథిలాలయమున శిఖిముఖి, విక్రమకేసరులు. రాకాసిలోయలో కేశవుడు, జయమల్లు – ఎక్కడ చూచినను ఇరువురు ముగ్గురు యువకులు, ఒకరి ప్రాణమునకు ఒకరు అడ్డుపడు స్నేహము. దేవుడు ప్రత్యక్షమై కాపాడుట అరుదు. 2010 జనవరిలో సుబ్రహ్మణ్యముగారు కాలధర్మము నొందునప్పటికి ఆయన పేరు అభిమానులకు తెలిసినది. ఆలస్యముగా నైనను తెలిసినది.

ఆ ధారావాహికల పనితనమును కొంచెము పరిశీలింతము. నెలకు కొన్ని పుటలు. మొదట వెనుకటి కథ నాలుగు వాక్యములలో. మాటలు తేటగా, వాక్యములు పొట్టిగా నుండును. చివర నాయకుడు లోయలోనికి జారుచుండును, లేదా గుహలో నొక గర్జన వినబడును. అక్కడ ఆగును. తరువాత నెల వరకు ఆగవలసినదే. ఆ నెలరోజులలో పిల్లలు తామే కథను పలు విధములుగా అల్లుకొనెడివారు. చదువుట యనగా ముద్రించిన దానిని చూచుట మాత్రమే కాదు, ముద్రింపని దానిని ఊహించుటయును. ఈ రెండవ సగము అభ్యాసమును పంతులు నేర్పలేడు, ఎదురుచూపు నేర్పును.

అదే కాలమున నండూరి రామ్మోహనరావుగారు మార్క్ ట్వేన్ రచించిన ‘టామ్ సాయర్’, ‘హకల్‌బెరీ ఫిన్’ నవలలను తెలుగు చేసిరి. స్టీవెన్సన్ దీవి కథయు వారి చేతిలోనే ‘కాంచన ద్వీపము’ అయినది. బ్రేమార్ వానలో పుట్టిన పటము ఈ విధముగా గోదావరి తీరమునకు వచ్చినది. హక్ అను కుర్రవాడు మిసిసిపీ నదిపై తెప్పతో సాగిపోవుట మనకు పరదేశపు సంగతిగా తోచదు. కాటను దొర ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో పూర్తియైన పిమ్మట ఈ డెల్టా కాలువలపై పడవలే బండ్లు. రాత్రియంతయు పడవ సాగుట, గట్టున నక్కల కూత, లాకుల వద్ద నిలుపుదల – ఇవి మన తాతలకు నిత్యానుభవములు. మండపేట కాలువ గట్టున కూర్చుండి హక్ కథ చదువువానికి వ్యాఖ్యానము అక్కరలేదు. పారిపోయివచ్చిన నీగ్రో బానిస జిమ్‌ను పట్టియిచ్చుటయా, కాపాడుటయా యని ఆ కుర్రవాడు పడు తర్జనభర్జన ఏ నీతిశాస్త్రమునకును తీసిపోదు. అయినను గ్రంథకర్త దానిని నీతియని చెప్పడు.

పఠనాభిరుచి మరల కలుగుట యనునది నేను కల్పించి చెప్పుమాట కాదు. ఉద్యోగములో నున్న దినములలో దస్త్రములు తప్ప వేరొకటి చదువకపోవుట, విరమణానంతరము తీరిక దొరికినను రెండు పుటలకు మనస్సు నిలువకపోవుట ఎందరికో అనుభవమే. నాకును అట్లే జరిగినది. మంచి గ్రంథములనే తెరచితిని, మూసితిని. చేతిలోని ఫోను మ్రోగనప్పటికిని దానివైపు చూచు అలవాటు అప్పటికే పట్టినది. ఇటీవల దాసరివారి ధారావాహికలు పుస్తకములుగా పునర్ముద్రితములైనవి. మనుమని కొరకు తెచ్చిన రాకాసిలోయను భోజనమైన పిదప ఊరక తిరుగవేయబోయి, దీపాలవేళకు తల యెత్తితిని. మనుమడు తన పుస్తకము తనకిమ్మని తగవులాడెను. ఆ తరువాతి వారములలో, ఎన్నడో సగములో విడిచిన పెద్ద నవలను ముగింపగలిగితిని. కాళ్లు పట్టుకుపోయినవానికి మొదట నాలుగడుగులు నడిపించినట్లు, కథ కన్నులను నడిపించును. నడక వచ్చిన తరువాత ఏ కొండ ఎక్కుట యను విషయము వారివారి యిష్టము.

ఇందు మహత్తేమియు లేదు. పెద్దవాడు పుస్తకము తెరచునపుడు దానినుండి తనకేమి లాభమని లెక్కించును. జ్ఞానమా, పుణ్యమా, నలుగురిలో చెప్పుకొనదగిన మాటయా యని చూచును. సాహస కథ వద్ద ఈ లెక్క సాగదు. తరువాత ఏమైనదను ప్రశ్న ఒక్కటే మిగులును. పదునాలుగేండ్ల వయస్సున మనమందరము ఆ ప్రశ్నతోనే చదివితిమి. గోపుడు మణిసిద్ధుని అడిగినదియు అదియే, ముసలి ఇంజనీరు కొడుకును అడిగినదియు అదియే.

ఇప్పటి స్థితి మీకు తెలియనిది కాదు. 1980 తరువాత టెలివిజను ఇండ్లలో ప్రవేశించినది. అద్దె పుస్తకముల దుకాణములు మూతపడినవి. చందమామ 2013 నాటికి నిలిచిపోయినది. పల్లె గ్రంథాలయములలో ఉదయము వార్తాపత్రికల బల్ల చుట్టును జనముందురు. సాయంకాలము పోటీ పరీక్షల పుస్తకములకు యువకులు వత్తురు. ఈ రెండును మంచివే. కథల బీరువా తాళము మాత్రము తుప్పు పట్టుచున్నది. ఉత్సవ సంవత్సరమున కొత్త పుస్తకములు కొనుటకు కార్యవర్గము కూర్చుండునపుడు, సంపుటములు సంపుటములుగా వచ్చు సర్వస్వములకు ఇచ్చు ధనములో కొంత భాగమును సాహస కథలకు కేటాయింపుడని నా మనవి. పిల్లల విభాగమని వేరొక మూల పెట్టవలదు. అట్లు పెట్టినచో పెద్దలు సిగ్గుపడి తాకరు. పెద్దల నవలల నడుమనే యుంచుడు. రచయిత పేరు పుస్తకపు వీపుపై కనబడునట్లు వ్రాయింపుడు. దాసరివారి విషయమున జరిగినట్లు మరల జరుగరాదు.

మరియొక చిన్న మాట. చందమామ వచ్చిన కాలమున చాల ఇండ్లలో ధారావాహిక పుటలను మాత్రము విడదీసి, వరుసగా పేర్చి, దారముతో కుట్టి బైండు చేయించుకొనెడి అలవాటుండెను. అట్టి బైండులు మండపేటలోను చుట్టుపట్ల పల్లెలలోను అటకలపై, ధాన్యపు గదులలో, పాత ట్రంకు పెట్టెలలో ఇంకను కొన్ని యుండును. చెదలు తినక మునుపే వానిని దింపి గ్రంథాలయమునకు అందజేయ కోరుచున్నాను. మొదటి పుటలు లేనివి, నడుమ నెలలు తప్పినవి, బొమ్మలపై చిన్నతనమున ఎవరో మీసములు దిద్దినవియు తీసికొనవచ్చును. ఒక ఇంట లేని నెల మరియొక ఇంట దొరకును గదా.